చేపల ఒక్కపొద్దు

ఈ కబురు నాకు ముందుగా తెచ్చింది గాజుల మల్లవ్వ. ఖేడ్ నుంచి మా కల్హేర్ అంగడికి వస్తుంది. వచ్చినప్పుడల్లా మా అరుగు మీద గంప దించి, మంచినీళ్లు తాగి, అక్కడి సంగతులు చెప్పి పోవడం ఆమె అలవాటు. మొన్న అంగడినాడు గంప దించింది గానీ నీళ్లడగలేదు.

"అమ్మా, నీ దొడ్డవ్వ పోయింది," అంది.

నీళ్ల చెంబుతో నేను ముందుకు చాపిన చేయి అట్లాగే ఉండిపోయింది.

"ఎట్ల పోయిందే?"

"ఎట్లని ఏం చెప్పాలె. పొద్దుగాల లింగపూజ చేసుకున్నదంట. కోడలు అంబలి తెస్తే రెండు గుక్కలు తాగి సాకు అన్నదంట. గంతె, ఇగ మాట లేదు. కూసోవెట్టి సమాధి చేసిన్రు, వాళ్ల ఆచారం గద. నేను గూడ పోయి పిడికెడు మన్ను ఏసొచ్చిన."

సాకు అంటే కన్నడంలో చాలు అని. పోయే రోజున కూడా ఆ మాటే అని పోయిందని వినగానే నాకు ఏడుపు కంటే ముందు నవ్వొచ్చింది. మల్లవ్వ నా ముఖం కేసి వింతగా చూసింది. ఆ తర్వాత కళ్లనీళ్లు వచ్చాయి, అవి మాత్రం తొందరగా ఆగలేదు.

దొడ్డవ్వ అసలు పేరు నాకు తెలియదు. అడగాలని ఎన్నడూ తోచలేదు. బీదర్ దిక్కు నుంచి ఏ తరంలోనో వచ్చి ఖేడ్‌లో వ్యాపారం పెట్టుకున్న కన్నడం వాళ్లు. ముందు ధాన్యం, బెల్లం దుకాణం, వెనక ఇల్లు. నేను కోడలిగా వచ్చినప్పుడు మేమూ ఖేడ్‌లోనే ఉండేవాళ్లం, మాది వ్యవసాయం ఇల్లు. రెండిళ్లకూ నడుమ ఒకటే గోడ. దొడ్డవ్వ అంటే వాళ్ల భాషలో పెద్దమ్మ. బజారు బజారంతా అలాగే పిలిచేది, నేనూ అలాగే పిలిచాను.

పొట్టి మనిషి. నుదుట మూడు విభూతి గీతలు, మెడలో వెండి భరిణెలో లింగం, ఎప్పుడు చూసినా రంగు వెలిసిన ఇల్కల్ చీర. దారిలో ఎవరైనా ఎదురైతే ఆగేది కాదు, నడుస్తూనే పలకరించేది. వాళ్లు జవాబు చెప్పేసరికి ఈమె ఇంకో వాకిలి దాటి ఉండేది. ఎవరినైనా మెచ్చుకోవాలంటే తిట్టేది. తిట్టాల్సి వస్తే మాత్రం ఏమీ అనకుండా చూసేది. ఆ చూపు కంటే తిట్టే నయం.

ఊళ్లో ఆమెకు పిసినారి అని పేరు. అందుకు కారణం ఉంది. మన దిక్కు పంక్తిలో వడ్డించేవాళ్లు బలవంతం చేయాలి, తినేవాళ్లు విస్తరి మీద చేయి అడ్డం పెట్టాలి, ఆ వేళ్ల సందులోంచి ఇంకో గరిటె పడాలి. అదే మర్యాద. దొడ్డవ్వ మాత్రం చేయి అడ్డం కనబడగానే నమ్మేసి ముందుకు పోయేది. ఆకలి తీరక లేచినవాళ్లు ఆమెను ఎంతో కాలం మరిచిపోలేదు. పెండ్లిళ్లలో ఆమె గరిటె పట్టుకుంటే, "దొడ్డవ్వా, నువ్వు కూసో, నీ కాళ్లు నొస్తయి," అని ఎవరో ఒకరు లాక్కునేవాళ్లు.

ఇక వాళ్లింట్లోని అద్దాల చేపల పెట్టె సంగతి. వాళ్ల ఆయన బతికున్న రోజుల్లో హైదరాబాద్‌లో ఏదో నవాబు దేవిడీలో అలాంటిది చూసి ముచ్చటపడ్డాడట. ఇనుప చట్రానికి అద్దాలు బిగించి, అంచులకు లప్పం పెట్టించి, జహీరాబాద్ దాకా రైల్లో, అక్కడి నుంచి గడ్డి పరిచిన ఎడ్లబండిలో తెచ్చాడు. దాంతో తెచ్చిన ఎర్రచేపలు ఎక్కువ కాలం బతకలేదు. ఆ తర్వాత ఆయనా పోయాడు. ఖాళీ పెట్టెను ఆమె పారేయలేదు. అడుగున చెరువు ఒండ్రు పరిచి, దాని మీద కడిగిన ఇసుక పోసి, చెరువులో దొరికే నీటి మొక్కలే నాటింది. ఒకటి నాడా లాగా సన్నగా పొడుగ్గా పెరిగేది. ఇంకొకటి నక్కతోక లాగా గుబురుగా ఉండేది. నడుమ ఒక చిన్న కలువ దుంప. వాటిలో మన చెరువు పరికలనే వదిలింది. వేలెడంత వెండి చేపలు అవి.

లింగం కట్టుకుని నీచు ముట్టనివాళ్ల ఇంట్లో చేపలేమిటని అందరికీ నవ్వులాట.

"దొడ్డవ్వా, పులుసెప్పుడు?" అని దారిన పోయేవాళ్లు కేకేసేవాళ్లు.

"ముందుగాల నీ మొగన్ని పట్కరా, వాన్ని తోమాలె. చేపల సంగతి ఎన్కకు," అనేది.

నేను ఆ పెట్టె ముందుకు చేరింది సంతోషంతో కాదు. నా తొలిచూలు బిడ్డ పురిటిలోనే పోయింది. అది దేవుడి బిడ్డ, దేవుడే తీసుకున్నాడు, ఇప్పుడు అలా అనగలుగుతున్నాను. అప్పుడు అనలేకపోయాను. ఏడుపూ రాలేదు, మాటా రాలేదు. ఆకలన్నది ఎలా ఉంటుందో మరిచిపోయాను.

మా అత్తమ్మ మంచి మనిషి. ఆమె ప్రేమంతా చేతుల్లోనే ఉండేది. నా పళ్లెంలో నెయ్యి, బాలింత కాయం ముద్ద, పెరుగు, మళ్లీ నెయ్యి. నేను చేయి అడ్డం పెడితే మర్యాదకు పెట్టాననుకుని వేళ్ల సందులోంచి పోసేది. చుట్టాలు, ఇరుగుపొరుగు గిన్నెలతో వచ్చేవాళ్లు. ఒకామె తాయెత్తు, ఒకామె మొక్కు, ఒకామె తనకు పోయిన బిడ్డల కథ. అందరూ నా మంచి కోరినవాళ్లే. వాళ్లందరికీ నేటికీ చేతులెత్తి మొక్కుతాను. కానీ వాళ్లు పోయాక గది నిండా ఆ మాటలే ఉండేవి. నాకు ఊపిరాడేది కాదు.

అలాంటి రోజున దొడ్డవ్వ వచ్చింది. చేతిలో గిన్నె లేదు, కొంగున ముడి లేదు. దుఃఖంలో ఉన్న ఇంటికి వట్టి చేతులతో వచ్చిందని ఆడవాళ్లు ఒకరినొకరు గిల్లుకున్నారు. ఆమె నా పక్కన కూర్చుంది. గోడ వారన వరసగా పెట్టిన గిన్నెలను చూసింది, నన్ను చూసింది. తర్వాత "సాకు" అని లేచి వెళ్లిపోయింది.

"చూసినవా, పిడికెడు బెల్లం గూడ తేలే! ఇంట్ల బెల్లం దుకాణమే ఉన్నది!" అని వెనక నుంచి ఎవరో అన్నారు.

మర్నాడు గోడ మీదుగా ఆమె తల కనిపించింది. ఏదో ఎత్తు మీద నిలబడ్డట్టుంది.

"ఏయ్ పిల్లా, చేతులు ఖాళీ ఉన్నయా? బా, ఇటు రా. అద్దాలకు పాచి పట్టింది, తోముదువు."

మా అత్తమ్మ నివ్వెరపోయింది. "పచ్చి బాలింతను పాచి తోమెటందుకు పిలుస్తదా! ఏం మనిషే అది!" అంది. కానీ నేను అప్పటికే లేచాను. బిడ్డ పోయాక, ఎవరూ లేపకుండా లేవడం అదే మొదలు.

ఆ పెట్టె నడిమింట్లో కిటికీకి పక్కగా ఉండేది. దాని వెనక గోడకు దీపం గూడు. దొడ్డవ్వ నా చేతికి వెదురుపుల్ల ఇచ్చింది. దాని చివర పాత చీర గుడ్డ మెలిపెట్టి కట్టి ఉంది.

"పై నుంచి కిందికి తియ్యి. గుండ్రంగ తిప్పకు, చేపలకు తల తిరుగుతది," అంది. అది నిజమా వేళాకోళమా నాకు ఇప్పటికీ తెలియదు.

ఆమె నేర్పే పద్ధతి అదే. దేనికీ పూర్తి కారణం చెప్పేది కాదు. పండిన ఆకు కనబడితే కుళ్లక ముందే తుంచమనేది. ఎండ ఎక్కువైతే కిటికీకి గోనెపట్టా వేలాడదీసేది. పొద్దున్నే అరచేతిలో కాసిని నీళ్లు తీసి వాసన చూసి, తల ఊపేది. ఒకనాడు నాడా మొక్క ఆకులు పసుపు తిరిగాయి. నేను ఎరువు వేద్దామన్నట్టు పెరడు దిక్కు చూశాను. ఆమె పకపకా నవ్వింది.

"నేను గూడ గట్లనే అనుకుంటి. గొర్రె ఎరువు దోసెడు ఏస్తి. తెల్లారి చూస్తే నీళ్లు గోంగూర పులుసు! ఎరువు నీళ్లల్ల కలిపితే మొక్కకంటె ముందు పాచే తింటది. వేరుకు వెట్టాలె పిల్లా. ఎంత అడిగితే అంత."

బాగా మాగిన ఎరువు చిటికెడు బంకమట్టిలో కలిపి, రేగుపండంత ఉండలు చేసి, నీడన ఎండబెట్టింది. సన్నపుల్లతో ఒక్కో ఉండను ఇసుకలోకి, మొక్క వేరు కిందికి గుచ్చింది. పైన నీళ్లు చలించలేదు. కొన్నాళ్లకు నడుమ నుంచి కొత్త ఆకు లేత పచ్చగా పైకి వచ్చింది. ఆ పొద్దున కిటికీలోంచి ఎండ పడ్డప్పుడు ఆకు అంచు నుంచి సన్నని బుడగలు, ఒకదాని వెనక ఒకటి, జపమాల పూసల్లాగా పైకి పోవడం చూశాను. మా నాన్న చిన్నప్పుడు ఇసుకలో అక్షరాలు దిద్దిస్తూ, దేవుడి పేరు గట్టిగా పలకక్కరలేదు, లోపల పలికితే చాలనేవారు. ఆ బుడగలు చూస్తుంటే ఆ మాట గుర్తొచ్చింది. చాలా రోజుల తర్వాత నాలో నేను స్వామి పేరు తలుచుకున్నాను. దొడ్డవ్వ పక్కనే వత్తులు చేసుకుంటోంది. నా వైపు చూడలేదు. చూడకపోవడం కూడా ఒక ఉపకారమే.

అట్లా నేను రోజూ వెళ్లేదాన్ని. అక్కడ నన్ను ఎవరూ ఏమీ అడిగేవాళ్లు కాదు. ఖేడ్ మొత్తంలో నాకు అదొక్కటే అలాంటి చోటు.

శ్రావణం వచ్చింది. సోమవారం సోమవారం వాళ్లింటికి అయ్యగారు వచ్చేవాడు, వాళ్ల గురువు. పాదపూజకు బజారులోని ఆడవాళ్లంతా చేరేవాళ్లు, మా అత్తమ్మతో సహా. మొదటి సోమవారం అయ్య పూజ ముగించి, తేటగా మెరుస్తున్న ఆ నీళ్లను చూసి ముచ్చటపడ్డాడు. "ఇవి గూడ శివుని జీవాలే," అని చేతిలోని పాలు ఒక ఉద్ధరిణెడు అందులో వదిలాడు.

ఇంకేముంది. అయ్య చేసిన పని పుణ్యం పని. ఆ రోజు నుంచి వచ్చినవాళ్లంతా చేపలకు ఏదో ఒకటి పెట్టడం మొదలైంది. పూజలో మిగిలిన పాలు, ప్యాలాలు, కొబ్బరి ముక్క, నానిన అటుకులు, విభూతి, పూలు. పూజలో మిగిలింది తొక్కుడు పడకూడదని, ప్రాణమున్నవాటికి పెడితే పుణ్యమని. నీళ్లు ముందు తెల్లబడ్డాయి, తర్వాత వాసన వచ్చింది, ఆ తర్వాత ఆకు రుద్దినట్టు పచ్చబడ్డాయి. మొక్కలకు వెంట్రుకల్లాంటి పాచి పట్టింది. పొద్దున్నే చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుచుకుని ఊపిరికి ఆరాటపడేవి. వెనక గూట్లో దీపం పెడితే పెట్టెలోంచి కనబడేదే కాదు.

ఆమె కొడుకు దుకాణంలోంచి వచ్చి ముక్కు మూసుకున్నాడు.

"అవ్వా, నేను చెప్తున్న. దసరాకు సున్నం ఏసేనాటికి నీళ్లు తేట గాకుంటే, ఇగ చేపలను చెర్ల ఇడిచి, గా పెట్టెల బెల్లం వెడ్త. ఈగలన్న దూరయి."

"మీ నాయిన తెచ్చిండ్రా అది."

"నాయిన తెచ్చింది అద్దం. వాసన తెచ్చింది నువ్వు."

దొడ్డవ్వ పుల్ల తీసుకుని తోమడం మొదలుపెట్టింది. ఆ పెట్టె పోతే నేను ఎక్కడ కూర్చోవాలి?

ఇద్దరం చేయగలిగింది చేశాం. గంగాళంలో నిలవబెట్టిన బావినీళ్లు కొద్దికొద్దిగా మార్చాం. పాచి వేళ్లతో దువ్వి తీశాం. నీళ్లు కాస్త తేరుకునేసరికి మళ్లీ సోమవారం, మళ్లీ పాలు.

"వద్దని చెప్పరాదా?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"ఎట్ల చెప్త పిల్లా? పుణ్యానికి వచ్చినోళ్లను పొమ్మంటనా? అయ్య పోసిన పాలు వద్దంటే శివున్నే వద్దన్నట్టు."

మర్నాడు ఆమె లింగపూజ చాలాసేపు సాగింది. అరచేతిలో లింగం పెట్టుకుని కళ్లు మూసుకుని కూర్చుంది. లేచి బయటికి వచ్చి, ప్యాలాల పొట్లంతో నిలబడ్డ ఒకామెతో మామూలుగా అంది:

"ఇయ్యాల్టి సంది మా చేపలు ఒక్కపొద్దు ఉన్నయి. ఏం వెట్టొద్దు."

"చేపలు ఒక్కపొద్దుంటయా దొడ్డవ్వా!"

"నువ్వు ఉంటవు గద. నీకున్న భక్తి వాటికి లేదా?"

"మరి ఏం తింటయి?"

"నీళ్లల్ల పుట్టే పురుగూ పుట్రా ఉండనే ఉన్నయి. వాటికి శివుడు వెట్టిండు. నువ్వు ఏందమ్మా శివుని మీద వడ్డిస్తవు?"

ఆ మాట బజారంతా పాకింది. కొందరు నవ్వారు. కానీ ఒక్కపొద్దన్నాక ఎవరు భంగం చేస్తారు? మన ఆడవాళ్లకు ఒక్కపొద్దు విలువ తెలుసు. వచ్చి, చూసి, దండం పెట్టి, పొట్లం కొంగున ముడేసుకుని వెళ్లిపోయేవాళ్లు. "చేపలకు గూడ గింజ వెట్టది, పిసినారిది," అని వీధిలో అన్నవాళ్లు అన్నారు.

చివరి సోమవారం వచ్చింది. ఆ నడుమ సోమవారం అయ్య రాలేదు, వేరే ఊళ్లు తిరిగి వచ్చాడు, ఆయనకు ఈ సంగతి తెలియదు. పూజ అయింది. ఇల్లంతా ఆడవాళ్లు. అయ్య పాలగిన్నె అందుకుని, ఉద్ధరిణె నింపి, పెట్టె దగ్గరికి నడిచాడు. ఎవరూ కదల్లేదు. గురువుకు ఎవరు చెప్పాలి?

దొడ్డవ్వ ముందుకు వచ్చింది. నీళ్ల మీద తన అరచేయి అడ్డం పెట్టింది. అచ్చం పంక్తిలో విస్తరి మీద పెట్టినట్టు. వేళ్లు దగ్గరగా చేర్చి, సందు లేకుండా.

"అవ్వా!" కొడుకు కేక పెట్టాడు. "అయ్యకే అడ్డం వెడ్తవా?"

ఆమె అయ్యను దేవుడిగా కొలిచే మనిషి. ఆ అరచేతిలోనే రోజూ లింగాన్ని నిలుపుకునేది. ఇప్పుడు అదే చేతిని గురువుకు అడ్డం పెట్టింది.

"అయ్యా, అవి ఒక్కపొద్దు ఉన్నయి," అంది చిన్న గొంతుతో.

అయ్య పచ్చటి నీళ్లను చూశాడు. పైకొచ్చి నోరు తెరుస్తున్న చేపలను చూశాడు. ఆమె చేతిని చూశాడు.

"విడిచేది ఎప్పుడవ్వా?"

"ఈ నీళ్లల్లకెళ్లి ఆ గూట్ల దీపం కనవడ్డనాడు."

అయ్య ఆమెను అరచేయి తిప్పమని, ఉద్ధరిణెలోని పాలు అందులో పోశాడు. "అయితే వాటి వంతు నువ్వు తాగు," అన్నాడు. ఆమె చేయి నోటి దగ్గరికి తెచ్చుకుంది. పాలతో పాటు కన్నీళ్లు కూడా తాగినట్టుంది. అయ్య వెనక్కి తిరిగి ఆడవాళ్లందరినీ చూసి, "వద్దన్న చెయ్యిని గూడ నమ్మాలె తల్లీ," అని మాత్రం అని, చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు.

ఆ వేళ మా అత్తమ్మ గడప దగ్గర నిలబడి ఉంది. అంతా చూస్తూనే ఉంది.

మర్నాడు పొద్దున నాకు పళ్లెం పెట్టింది. ఒక ముద్ద పెట్టి, ఎప్పటిలాగే నెయ్యి గరిటె ఎత్తింది. నేను చేయి అడ్డం పెట్టాను. గరిటె నా చేతి మీద, గాలిలో ఆగింది. నెయ్యి చుక్క ఒకటి జారి నా వేలి మీద పడింది. అత్తమ్మ గరిటె వెనక్కి తీసుకుంది. గిన్నె మూత పెట్టింది. నా పక్కన, గోడకు ఆనుకుని కూర్చుంది. చుట్టుపక్కల వాళ్లు వస్తే వాకిట్లోనే ఆపి, "పిల్ల పండుకున్నది," అని పంపేసింది. నేను పండుకోలేదు. ఇద్దరం ఊరికే కూర్చునే ఉన్నాం. అప్పుడు ఏడుపు వచ్చింది. ఆమె ఊకోమనలేదు.

తర్వాతి రోజులు నెమ్మదిగా గడిచాయి. అక్కడ దొడ్డవ్వ ఇంట్లో గోనెపట్టా వేలాడుతూనే ఉంది. పాచి ముందు పసుపు తిరిగింది, తర్వాత పొరలుగా ఊడింది. నేను రోజూ వెళ్లి తీసేదాన్ని. చేపలు పైకి రావడం మానేశాయి. దసరా దగ్గర పడింది. కొడుకు రోజూ వచ్చి తొంగి చూసి పోయేవాడు. దుకాణం ముందు సున్నం నానబోశారు. ఆ సాయంత్రం దొడ్డవ్వ గూట్లో దీపం పెట్టి, వచ్చి పెట్టె ముందు నా పక్కన చతికిలబడింది. ఆకుల నడుమ నుంచి, నీళ్ల లోపల నుంచి, పసుపు రంగులో చిన్న దీపం. ఒక పరిక దాని మీదుగా ఈదుకుంటూ పోయింది.

నేను ఆనందంతో ఆమె చేయి పట్టుకున్నాను. ఆమె విదిలించుకుంది.

"సాకు, సాకు. పో ఇంటికి. మీ అత్త ఎదురు చూస్తుంటది."

ఇంటికి వచ్చాను. అత్తమ్మ పొయ్యి దగ్గర జొన్నరొట్టె చేస్తోంది. ఆ వాసన నా ముక్కుకు తగిలింది. పురుడు పోసుకున్నాక ఏ వాసనా నాకు అట్లా తగల్లేదు.

"అత్తమ్మా, ఆకలైతుంది," అన్నాను.

ఆమె చేతిలోని రొట్టె పెనం మీద వేయడం మరిచిపోయింది.

ఆ దసరాకు వాళ్ల కొడుకు తరాజుకు, తూకపు రాళ్లకు విభూతి పెట్టి, అదే వేలితో ఆ పెట్టె ఇనుప చట్రానికి కూడా పెట్టాడని తర్వాత విన్నాను. దేవుడి దయవల్ల ఆ తర్వాత నా కడుపున పిల్లలు పుట్టారు, బతికారు. మేము కల్హేర్ భూముల మీదికి వచ్చేశాం. ఖేడ్ పోయినప్పుడల్లా దొడ్డవ్వ ఇంటికి వెళ్లేదాన్ని. వట్టి చేతులతోనే వెళ్లేదాన్ని. ఆమెకు అదే ఇష్టం.

"పెట్టె ఏమైందే?" అని మల్లవ్వను అడిగాను.

"ఏమైతది, అట్లనే ఉన్నది. చూడనొచ్చినోళ్లు ఎవరన్న అటుకులు ఎయ్యవోతే కొడుకే చెయ్యి అడ్డం వెడ్తుండు."

ఆ స్వామికీ, మా అత్తమ్మకూ, ఆ అయ్యకూ నా దండాలు. చదివేవాళ్లను ఒక్కటే వేడుకుంటున్నాను. మీ ఇంటి పంక్తిలో ఎవరైనా విస్తరి మీద చేయి అడ్డం పెడితే, గరిటె వంచేముందు, వట్టి చేతులతో వచ్చి నా పక్కన కూర్చున్న ఆ పొట్టి ముసలమ్మను ఒక్కసారి తలుచుకోండి.